ఐదేళ్ల పాపతో ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట సైకిల్ యాత్ర: ట్రైలరా, వెనక సీటా? రోజుకి ఎన్ని కిలోమీటర్లు?

మైపాడుగేటు_సైకిల్ (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మే ఆఖర్లో, పాపకి బడి సెలవులు ఉన్నప్పుడే, పది పన్నెండు రోజులు ఫ్రాన్స్ వెళ్లి లువార్ నది వెంట (మన మ్యాపుల్లో లోయిర్ అని రాస్తారు) పల్లెల్లో సైకిళ్ల మీద తిరగాలని ప్లాను. పెద్దవాళ్లం ఇద్దరం. పాపకి ఐదేళ్లు, 17 కిలోలు. 16 అంగుళాల సైకిలు పక్క చక్రాలు లేకుండానే తొక్కుతుంది, కానీ నాలుగు కిలోమీటర్లు దాటితే దిగి కూర్చుంటుంది.

తెలియాల్సినవి: పాపని ఎట్లా తీసుకెళ్లాలి? వెనక సీటులోనా, ట్రైలర్‌లోనా (సైకిలు వెనక లాగే పిల్లల బండి), తన సైకిలునే మా సైకిలు వెనక తగిలించుకునా? రోజుకి 50 కిలోమీటర్లు అనుకున్నాం, కుదిరే లెక్కేనా? సైకిళ్లు ఇక్కణ్ణుంచి విమానంలో వేసుకెళ్లాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా? నెల్లూరులో ఉండగానే ఏం సాధన చేయాలి? తిండి సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి, ఇంట్లో దాని గురించే ఎక్కువ బెంగ.

పెన్నగట్టు

అన్నా, ముందు ఆ 50 అంకె కొట్టేయండి. పిల్లతో వెళ్లేటప్పుడు దూరాన్ని కిలోమీటర్లలో కాదు, పిల్ల కూర్చోగలిగే గంటల్లో లెక్కేసుకోవాలి. ఐదేళ్ల పిల్ల మెలకువగా ఉండి గొడవ చేయకుండా కూర్చునేది ఒక విడతకి 40, 45 నిమిషాలు. మధ్యాహ్నం నిద్రలో ఇంకో గంటో గంటంబావో. రోజు మొత్తం మీద చక్రాలు తిరిగేది మూడు గంటలు దాటదు. ట్రైలర్ లాగుతూ సామాను వేసుకుని తొక్కితే సగటు వేగం గంటకి 11, 12 కిలోమీటర్లు. అంటే 33, 36. దాన్లో దారి తప్పడం, ఫోటోలు, నీళ్లు తీసేస్తే 25 నుంచి 30 పెట్టుకోండి. మూడు రోజులు తొక్కితే ఒక రోజు సైకిలు ముట్టుకోవద్దు.

ఇక పాప కూర్చునే ఏర్పాటు. ఇక్కడ తప్పు చేస్తే మిగతాదంతా పాడవుతుంది కాబట్టి వివరంగా రాస్తాను.

వెనక క్యారియర్ మీద బిగించే పిల్లల సీట్లు చాలావాటికి హద్దు 22 కిలోలు. మీ పాప 17, హెల్మెట్, కోటు, బూట్లు కలిపితే 19కి వస్తుంది. లెక్క ప్రకారం సరిపోయినట్టే, కానీ బరువు చక్రం ఇరుసుకి చాలా ఎత్తులో ఉంటుంది. తొక్కేటప్పుడు ఇబ్బంది తక్కువ. దెబ్బలు తగిలేది ఎక్కువగా నిలబెట్టినప్పుడు. స్టాండు వేసి పాపని కూర్చోబెట్టి, గ్లవుజులు తొడుక్కుందామని చెయ్యి వదిలారనుకోండి, ఒంటికాలి స్టాండు పక్కకి జారుతుంది, సైకిలు పాపతో సహా పడుతుంది. సీటు పెట్టుకునేట్టయితే రెండు కాళ్ల స్టాండు ఉన్న సైకిలే అడగండి, పాప ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఒకరి చెయ్యి హ్యాండిల్ మీదే ఉండాలి. రెండో లోటు నిద్ర. కునుకు పట్టగానే తల ముందుకి వాలిపోతుంది, హెల్మెట్ బరువు దానికి తోడు. రోజూ మధ్యాహ్నం పడుకునే పిల్లకి సీటు సుఖంగా ఉండదు.

ట్రైలర్ అయితే పడుకుంటుంది, వాన పడ్డా తడవదు, బొమ్మలూ బిస్కెట్లూ చేతికి అందుబాటులో ఉంటాయి. ఖాళీ ట్రైలర్ 10 నుంచి 14 కిలోలు, పాప 17, లోపల దుప్పటీ నీళ్లూ కలిపి 35 దాకా లాగాలి. చదును నేల మీద ఇది తెలియదు, ఎక్కుడులో మాత్రం గేరు బాగా దించాల్సి వస్తుంది. లాగేవాళ్లకి చెప్పాల్సినవి మూడు. మలుపులో ట్రైలర్ లోపలి చక్రం మీ వెనక చక్రం కంటే లోపలికి కోసుకుని వస్తుంది, అది ఫుట్‌పాత్ అంచు ఎక్కితే తిరగబడుతుంది, కాబట్టి మలుపు వెడల్పుగా, మెల్లగా తిప్పాలి. దిగుడులో బ్రేకు దూరం పెరుగుతుంది, వేగం ఎక్కకముందే బ్రేకు మొదలెట్టాలి. మూడోది వెడల్పు: ట్రైలర్ 80 సెంటీమీటర్లు దాటి ఉంటుంది, అక్కడ సైకిలు బాటల మొదట్లో కార్లు రాకుండా పాతిన స్తంభాల మధ్య దూరాలు ఒక్కోచోట ఒక్కో రకం. ముందు దిగి చూసి తోయండి. ట్రైలర్‌లో కూర్చున్నా హెల్మెట్ పెట్టాలి. అయితే మామూలు హెల్మెట్ వెనక భాగం సీటు వీపుకి తగిలి తలని ముందుకి నెడుతుంది. వెనకవైపు చదునుగా ఉన్న హెల్మెట్ ఇక్కడే కొనుక్కోండి, దాన్లో ఒక వారం ఇంట్లో ఆడుకోనివ్వండి.

పాప సైకిలు ముందు చక్రం లేపి మీ సైకిలు వెనక తగిలించే బిగింపు ఒకటుంది. 12 నుంచి 20 అంగుళాల పిల్లల సైకిళ్లకి సరిపోయేట్టు చేస్తారు. కారు వచ్చే చోట తగిలించుకుని, బాట ఖాళీగా ఉన్నచోట విడదీసి తనని తొక్కుకోనివ్వచ్చు. పిల్లకి ఇదే ఎక్కువ ఇష్టంగా ఉంటుంది. కానీ దీని మీద నిద్రపోతే పడిపోతుంది, పట్టీ ఉండదు. అందుకని నా మాట: ట్రైలర్ అద్దెకి తీసుకోండి, పాప చిన్న సైకిలు కూడా అద్దెకి తీసుకుని అవసరం లేనప్పుడు ట్రైలర్ వెనక అడ్డంగా కట్టుకోండి. పొద్దున రెండు కిలోమీటర్లు, సాయంత్రం రెండు తన సైకిలు తొక్కిందంటే మిగతా దూరం నోరు మెదపకుండా కూర్చుంటుంది.

ఒంగోలు_పెడల్

పైన చెప్పిన దాంట్లో ఒక్కదానికి ఒప్పుకోను. చిన్న సైకిలు ట్రైలర్ వెనక కట్టొద్దు. ట్రైలర్‌లో బరువు ఇరుసు మీదో కొద్దిగా ముందో ఉండాలి. ఏడెనిమిది కిలోలు వెనక చివర వేలాడితే ముందున్న కడ్డీ పైకి లేస్తుంది, అది మీ సైకిలు వెనక చక్రాన్ని తేలిక చేస్తుంది, కంకర మీద జారుతుంది. చిన్న సైకిలు రెండో పెద్దవాళ్ల సైకిలు క్యారియర్ మీద నిలువుగా కట్టండి, చక్రం పైకి ఉండేట్టు, రెండు గట్టి పట్టీలతో.

దారి గురించి. లువార్ వెంట సైకిలు దారి మొత్తం దాదాపు 900 కిలోమీటర్లు. నెవేర్ దగ్గరి కుఫీ నుంచి సముద్రం ఒడ్డున సేంట్ బ్రెవాన్ దాకా. మీకు అదంతా అక్కర్లేదు. సుల్లీ నుంచి షలోన్ దాకా ఉన్న లోయని 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, అందులోనూ బ్లువా నుంచి సోమూర్ దాకా ఉన్న ముక్క పిల్లలకి సరిగ్గా సరిపోతుంది, ఊర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ప్యారిస్ ఆస్టర్లిజ్ స్టేషన్ నుంచి బ్లువాకి రైలు గంటన్నర పైన. సుమారు దూరాలు ఇట్లా వస్తాయి: బ్లువా నుంచి షోమోన్ 20, షోమోన్ నుంచి ఆంబువాజ్ 20, ఆంబువాజ్ నుంచి టూర్ 28, టూర్ నుంచి విలాండ్రీ 20, అక్కణ్ణుంచి ఉస్సే 23, ఉస్సే నుంచి షినోన్ 15, షినోన్ నుంచి కాండ్ మీదుగా సోమూర్ 30. మొత్తం 156 దాకా, ఏడు రోజుల తొక్కుడు, రెండు రోజుల విశ్రాంతి. సోమూర్ నుంచి టూర్‌కి రైల్లో ముప్పావు గంట.

విశ్రాంతి రోజు ఆంబువాజ్‌లో పెట్టండి. లియొనార్దో డావించి ఆఖరి మూడేళ్లు గడిపి 1519లో కన్నుమూసిన క్లో లూసే భవనం అక్కడే. తోటలో ఆయన గీసిన యంత్రాల నమూనాలు పెద్దవిగా చేసి పెట్టారు, పిల్లలు చేత్తో తిప్పొచ్చు. షోమోన్ కోటలో ఏప్రిల్ నుంచి తోటల ప్రదర్శన ఉంటుంది. కోటల లోపలి గదులు ఐదేళ్ల పిల్లకి అరగంట చాలు, ఉన్న సమయమంతా తోటలకి ఇవ్వండి.

దారి చాలాచోట్ల నది కరకట్ట మీదే. మన పెన్న కరకట్ట లాగే పైన చిన్న తారురోడ్డు, అయితే స్థానికుల కార్లు కూడా దాని మీదే వస్తాయి. "నది వెంట దారి" అనగానే కార్లే ఉండవని అనుకోవద్దు. ఆంబువాజ్ నుంచి టూర్ వెళ్లేటప్పుడు మోంలూయీ వైపు ద్రాక్షతోటల్లోకి ఎక్కుళ్లు వస్తాయి, ఎత్తు పెద్దగా లేకపోయినా ట్రైలర్‌తో దిగి నడిపించాల్సి రావచ్చు. ఉస్సే నుంచి షినోన్ కూడా అంతే. ఇంకోటి, ఆ దేశంలో గాలి ఎక్కువగా పడమర నుంచి, అంటే సముద్రం వైపు నుంచి వీస్తుంది. మీరు బ్లువా నుంచి సోమూర్ అంటే పడమరకే, ఎదురుగాలి. వాతావరణం చూసి గాలి గట్టిగా ఉందనిపిస్తే రైల్లో సోమూర్ వెళ్లి అక్కణ్ణుంచి తూర్పుకి తొక్కినా దారి అదే. అద్దె దుకాణంలో ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇచ్చే వీలు ముందే మాట్లాడుకోండి, అట్లాంటివి ఆ లోయలో ఉన్నాయి.

అసలు కార్లే వద్దనుకుంటే వేరే దారి చెప్తాను. బుర్గుండీలో జివ్రీ నుంచి క్లునీ దాకా 44 కిలోమీటర్లు, పాత రైలుపట్టా తీసేసి 1997లో తెరిచిన బాట. ఫ్రాన్స్‌లో ఈ రకం ఆకుపచ్చ బాటల్లో మొదటిది అదే. రైలు దారి కాబట్టి ఎక్కుళ్లు చాలా మెత్తన. పాప తన సైకిలు ఎక్కువసేపు తొక్కాలంటే లువార్ కంటే ఇదే మేలు. క్లునీ దాటి మాకోన్ వైపు వెళ్తే బువా క్లేర్ అనే 1.6 కిలోమీటర్ల పాత రైలు సొరంగం వస్తుంది. లోపల చల్లగా ఉంటుంది, పాపకి స్వెటర్ వేసి, ముందు వెనక లైట్లు వెలిగించుకుని, సొరంగం మధ్యలో ఆగకుండా పోవాలి. చీకటంటే భయపడే పిల్ల అయితే క్లునీలోనే ఆపేయండి, దాన్లో తప్పేం లేదు.

చట్టం సంగతి కూడా. 12 ఏళ్లలోపు పిల్లలకి, తొక్కినా వెనక కూర్చున్నా, హెల్మెట్ తప్పనిసరి. 2017 మార్చి 22 నుంచి ఆ నియమం ఉంది, లేకపోతే పెద్దవాళ్లకి 135 యూరోల జరిమానా. ఐదేళ్లలోపు పిల్లని పట్టీ ఉన్న పిల్లల సీటులోనే కూర్చోబెట్టాలి, కాళ్లు చక్రం పుల్లల్లో పడకుండా అడ్డు ఉండాలి. ఊరి బయట చీకట్లోగాని మంచులోగాని మెరిసే జాకెట్ అందరికీ తప్పదు. తొక్కుతూ చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకోకూడదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఫుట్‌పాత్ మీద తొక్కొచ్చు, టూర్ లాంటి పట్నంలో ఇది పనికొస్తుంది.

కావలి_పంచర్

అద్దె సైకిలే తీసుకోండి. పెట్టె కట్టడం, విమానంలో బరువు, అక్కడ బిగించుకోవడం, పిల్లతో ఇవన్నీ ఎక్కడ పడతారు? అద్దె మాట్లాడేటప్పుడు మీ ఇద్దరి ఎత్తు, పాప ఎత్తు, కాలి లోపలి కొలత సెంటీమీటర్లలో రాసి పంపండి. ఫిబ్రవరిలోనే అడగండి, పిల్లల సైకిళ్లూ ట్రైలర్లూ తక్కువ ఉంటాయి, అవే ముందు అయిపోతాయి.

దుకాణంలో సైకిలు చేతికిచ్చాక ఈ పని చేయకుండా కదలొద్దు.

బ్రేకులు చూడండి. మన దగ్గర ఎక్కువ సైకిళ్లకి కుడిచేతి పిడి ముందు చక్రానిది. అక్కడ ఎడమచేతి పిడి ముందు చక్రానిది. అలవాటు కొద్దీ ఎడమ పిడి గట్టిగా నొక్కితే ముందు చక్రం పట్టేస్తుంది. దుకాణం ముందే పది సార్లు ఆగి చూసుకోండి.

తర్వాత ట్రైలర్ కొక్కెం. చాలావాటికి సైకిలు వెనక ఇరుసు ఎడమవైపు బిగించే చిన్న బిళ్ల ఉంటుంది, ఇరుసు నట్టుకీ ఫ్రేముకీ మధ్య కూర్చుంటుంది. ఆ బిళ్ల మందం వల్ల ఇరుసు మీద నట్టుకి మర తగ్గిపోతుంది. నట్టు కనీసం ఐదు చుట్లు పూర్తిగా ఎక్కాలి, ఎక్కకపోతే ఇంకా పొడుగు ఇరుసు అడగండి. లోపలికి గుచ్చే మందపాటి ఇరుసు ఉన్న సైకిలు అయితే దానికి సరిపోయే వేరే ఇరుసు కావాలి, మర గాడి దూరం కూడా కలవాలి, అది దుకాణం వాళ్లే చేయాలి. కడ్డీ పక్కనే ఒక నైలాన్ పట్టీ ఉంటుంది. అది సైకిలు ఫ్రేము చుట్టూ తిప్పి తగిలించాలి. కొక్కెం ఊడినా ట్రైలర్‌ని పట్టుకునేది అదే. రోజూ బయల్దేరే ముందు పాపని కూర్చోబెట్టకముందే కడ్డీని పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి.

గాలి. ట్రైలర్ టైరు పక్కన రాసిన అంకె కంటే ఎక్కువ కొట్టొద్దు, 30, 35 పీఎస్ఐ చాలు. రాయిలా కొడితే పాప తల ఎగిరెగిరి పడుతుంది. మీ టైర్లకి మాత్రం రాసిన హద్దుకి దగ్గరగా కొట్టండి, తక్కువ ఉంటే గుంటలో ట్యూబు రిమ్ముకీ గుంట అంచుకీ మధ్య నలిగి రెండు కన్నాలు పడతాయి. పాము కాటులా పక్కపక్కనే రెండు కన్నాలు కనిపించాయంటే ముల్లు కాదు, గాలి తక్కువని అర్థం.

వాల్వులు. మన సైకిళ్లకి ఉండే వాల్వు అక్కడ దుకాణాల్లో సులువుగా దొరకదు. అక్కడ రెండు రకాలు: కారు టైరుకి ఉండే లావు వాల్వు, సన్నగా పొడుగ్గా ఉండి కొసన చిన్న నట్టు వదులు చేసే వాల్వు. పెద్ద సైకిలుకి ఒకటి, ట్రైలర్‌కి ఇంకోటి ఉండొచ్చు. రెండిటికీ పనికొచ్చే పంపు తీసుకోండి. ట్యూబులు మూడు సైజులు: మీ చక్రాలకి రెండు, ట్రైలర్‌కి ఒకటి (ఎక్కువగా 20 అంగుళాలు), పాప సైకిలుకి ఒకటి. ట్రైలర్ ట్యూబే మరిచిపోతారు, పల్లెలో అదే దొరకదు. ప్యాచీలు, టైరు ఊడదీసే పుల్లలు మూడు, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ తాళాలు, చెయిను కలిపే లింకు ఒకటి, ప్లాస్టిక్ కట్లు పది. చెయిను నూనె చిన్న సీసా అక్కడే కొనండి.

ఇక నెల్లూరులో సాధన. మార్చి దాటితే ఎండకి అవదు, జనవరి ఫిబ్రవరిలో మొదలెట్టండి. ట్రైలర్ దొరక్కపోయినా పరవాలేదు. వెనక క్యారియర్ మీద 20 కిలోల బియ్యం మూట గట్టిగా కట్టుకుని మైపాడు దాకా పోయి రండి. పోనూ రానూ కలిపితే నలభై పైనే, వారానికోసారి నాలుగు వారాలు చేస్తే కాళ్లకీ పిర్రలకీ సరిపోతుంది. పొద్దున ఆరింటికి బయల్దేరి తొమ్మిదిన్నర లోపు ఇంటికి చేరాలి. ఇంకోరోజు సముద్రపు గాలి లేచాక మైపాడు వైపు తొక్కి చూడండి, ఎదురుగాలిలో గేరు దించుకుని ఓపిగ్గా తొక్కడం అక్కడ నేర్చుకోవాల్సిన పనే. కృష్ణపట్నం రోడ్డు వద్దు, పోర్టు లారీలు. హైవే అసలే వద్దు. ఒంగోలు వాళ్లయితే కొత్తపట్నం రోడ్డు. కాలవ గట్ల మీద తొక్కేటప్పుడు సర్కారు తుమ్మ ముళ్లు చూసుకోండి, ఆ ముల్లు టైరులో విరిగి ఉండిపోతుంది. పంచరు వేసి మళ్లీ ఎక్కించేముందు టైరు లోపలంతా గుడ్డతో తుడవండి, గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు. పంచరు మీ చేత్తో మీరే రెండుసార్లు వేసుకుంటే చాలు, ఇక్కడ ముప్పై రూపాయలిచ్చి వేయించుకునే పని అక్కడ పొలాల మధ్య మీరే చేసుకోవాలి.

కుడివైపు తొక్కడం మాత్రం మన రోడ్ల మీద సాధన చేయొద్దు. ఆదివారం పొద్దున వీఆర్సీ గ్రౌండు లాంటి ఖాళీ స్థలంలో సుద్దతో నాలుగురోడ్ల కూడలీ, గుండ్రటి కూడలీ గీసి తిరగండి. గుండ్రటి కూడలిలో అక్కడ గడియారం ముల్లుకి ఎదురుగా తిరగాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఫ్రాన్స్‌లో బోర్డు ఏమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడికి దారివ్వాలి. పల్లెల్లో చిన్న సందులోంచి కారు ఆగకుండా వస్తే వాడిది తప్పు కాదు, హక్కు. తప్పులు ఎక్కువగా పొద్దున మొదటి మలుపులో, భోజనం చేసి మళ్లీ ఎక్కినప్పుడు జరుగుతాయి, అప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటే చెయ్యి అలవాటుగా ఎడమకే పోతుంది. ఎక్కేముందు ఒకరికొకరు "కుడి" అని పైకి చెప్పుకోండి. పాపకి ఆ పని అప్పజెప్తే ఇంకా మంచిది, మరిచిపోనివ్వదు.

మైపాడుగేటు_సైకిల్ (నెల్లూరు)

అందరికీ చాలా థాంక్స్. 50 కొట్టేశాం, బ్లువా నుంచి సోమూర్ ఖాయం. వీసా, తిండి, చలి గురించి ఎవరైనా చెప్తారా? పాప పెరుగన్నం లేకపోతే ఉండదు. అమ్మ నెయ్యీ పాలకోవా కట్టిస్తానంటోంది.

వేదాయపాళెం_అక్క

తమ్ముడూ, అమ్మగారికి నెయ్యి వద్దని చెప్పండి, కోవా కూడా వద్దు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు యూరప్‌లోకి పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ తేకూడదు, నెయ్యి కూడా పాల కిందికే వస్తుంది. పచ్చి కరివేపాకు, మామిడికాయలూ అంతే, మొక్కల పత్రం లేకుండా తీసేసుకుంటారు. కందిపొడి, కారప్పొడి, ఎండబెట్టి పొడి చేసిన కరివేపాకు, చింతపండు, గోంగూర పచ్చడి, ఆవకాయ, ఇవి వేసుకోండి. పచ్చడి సీసాలో వద్దు, నూనె కారితే బట్టలు పోతాయి. మందపాటి కవర్లలో రెండు పొరలు సీలు వేయించి చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. చేతి సంచిలో పెడితే పచ్చడి కూడా ద్రవం కిందే లెక్కేసి ఆపేస్తారు.

పెరుగన్నానికి ఏ ఇబ్బందీ లేదు. సూపర్ మార్కెట్‌లో "యవూర్ నాతూర్" అని రాసి ఉన్నది చక్కెర వేయని మామూలు పెరుగు. పక్కనే "ఫ్రొమాజ్ బ్లాన్" అని ఉంటుంది, చిక్కగా పెరుగులాగే కనిపిస్తుంది, రుచి వేరు, పాప తినకపోవచ్చు. బియ్యంలో "రీ రోన్" అనేది పొట్టి గింజ, మెత్తగా ముద్ద అవుతుంది, పెరుగన్నానికి అదే బాగుంటుంది. ఆవిరి పట్టిన పొడుగు గింజ బియ్యం ఎంత ఉడికించినా విడివిడిగానే ఉంటుంది, పెరుగు కలిపితే కలవదు. మన మొలగొలుకుల రుచి రాదనుకోండి, పది రోజులకి సర్దుకోవచ్చు. ముగ్గురికి రెండు లీటర్ల మూత గిన్నె ఒకటి, చిన్న గ్యాసు పొయ్యి ఒకటి చాలు. గ్యాసు డబ్బా విమానంలో ఎక్కించరు, ఖాళీ పొయ్యి మాత్రం శుభ్రంగా కడిగి వాసన లేకుండా తీసుకెళ్లొచ్చు. అక్కడ రెండు రకాల డబ్బాలు అమ్ముతారు, మర తిప్పేవీ, నొక్కి బిగించేవీ. పొయ్యిని డబ్బాతో కలిపి అక్కడే కొనుక్కుంటే ఏది ఏదానికి సరిపోతుందన్న గొడవ ఉండదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది దుకాణాల వేళలు. పల్లెల్లో మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా చాలా దుకాణాలు మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ ఉండదు, సోమవారం కూడా చాలా చోట్ల సెలవే. రొట్టెల దుకాణాలు వారంలో ఒక రోజు మూస్తాయి, ఆ రోజు ఊరికో రకం. హోటళ్లలో మధ్యాహ్నం భోజనం 12 నుంచి 2 లోపే, రాత్రి వంట 7కి గాని మొదలవదు. ఐదేళ్ల పిల్ల 5 గంటలకే ఆకలంటుంది, అప్పుడు ఏ వంటగదీ తెరిచి ఉండదు. అందుకని శనివారం సాయంత్రానికి సోమవారం పొద్దుటిదాకా సరిపడా కొనుక్కోండి. సంచిలో ఒక పూట తిండి ఎప్పుడూ ఉండాలి.

నీళ్లకి పల్లెల్లో శ్మశానాల గేటు పక్కన కుళాయిలుంటాయి, మనకి వింతగా ఉంటుంది గాని అక్కడ సైకిలు వాళ్లందరూ పట్టుకునేది అక్కడే. "ఓ పొతాబ్ల్" అంటే తాగే నీళ్లు. ముందు "నోన్" అని ఉంటే తాగకూడదు. ఏమీ రాయకపోతే కాళ్లు కడుక్కోవడానికే.

చలి సంగతి నిజంగా పట్టించుకోండి. మే ఆఖర్లో అక్కడ పొద్దున 10 డిగ్రీలు, మధ్యాహ్నం 20 దాటుతుంది. నెల్లూరులో ఆ నెలలో 42 చూసి వచ్చిన పిల్ల. మీరు తొక్కుతుంటారు కాబట్టి మీకు చెమట పడుతుంది, పాప కదలకుండా కూర్చుని ఉంటుంది. మీకు బాగుంది కదా అని స్వెటర్ తీసేయకండి. గంటకోసారి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చేతులు కాదు, చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మెడ చల్లగా ఉంటే ఇంకో పొర. దీనికి ఎదురు పని ట్రైలర్ వాన కవరు. ఎండ వచ్చాక కూడా అది మూసే ఉంటే లోపల ఉక్కపోస్తుంది. వాన ఆగగానే ప్లాస్టిక్ ఎత్తి దోమతెర ఒక్కటే ఉంచండి. గడ్డిలో కూర్చుని తిన్నారంటే రాత్రి స్నానం చేయించేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక పిడుదులు ఉన్నాయేమో చూడండి. ఫార్మసీలో, ఆకుపచ్చ ప్లస్ గుర్తు ఉంటుంది, దాన్ని పీకే చిన్న కొక్కెం అమ్ముతారు. నూనె రాయడం, కాల్చడం చేయొద్దు.

వీసా: షెంజెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) తక్కువ రోజుల వీసా, పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 90 యూరోలు, ఆరేళ్లలోపు పిల్లకి ఫీజు లేదు, సెంటరు వాళ్ల సర్వీసు చార్జీ వేరు. మీకు చెన్నై సెంటరు దగ్గర. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, ఫిబ్రవరి మార్చిలో ఇచ్చేయండి, సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకవు. 30,000 యూరోలకి తగ్గని వైద్య బీమా కావాలి. తీసుకునే ముందు అందులో సైకిల్ ప్రయాణం కలుస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. ప్రతి రాత్రికీ బస కాగితం చూపించాలి కాబట్టి తోచిన చోట ఆగుదాం అనే పద్ధతి కుదరదు. "అక్యూయ్ వెలో" అనే గుర్తున్న బసలు చూసుకోండి, సైకిలు దారికి 5 కిలోమీటర్ల లోపే ఉంటాయి, తాళం వేసుకునే సైకిలు చోటు, మరమ్మతు సామాను ఉంచుతారు, ఒక్క రాత్రికైనా ఇస్తారు. ఇంకో సంగతి, పాప పాస్‌పోర్టు తేదీ ఇవాళే చూడండి. మన దగ్గర పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే. పుట్టినప్పుడు చేయించిందైతే అయిపోవచ్చింది, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలు ఉండాలి.

పెన్నగట్టు

ట్రైలర్ వెనక సైకిలు కట్టమని రాసింది తప్పే, ఒంగోలు అన్న చెప్పినట్టు క్యారియర్ మీదే కట్టండి. ఒక్కటి కలుపుతాను. దిగిన రోజూ మర్నాడూ తొక్కకండి. అక్కడ టైము మనకంటే మూడున్నర గంటలు వెనక, పాప మొదటి రెండు రోజులు తెల్లవారుజామున రెండున్నరకే లేచి కూర్చుంటుంది, సాయంత్రం ఐదింటికి తూలుతుంది. బ్లువాలో రెండు రాత్రులు పెట్టుకుని, రెండో రోజు సాయంత్రం ఖాళీ ట్రైలర్‌తో ఒక అరగంట, పాపతో ఒక అరగంట నది ఒడ్డున తిరిగి చూడండి. కొక్కెం, బ్రేకు, కుడివైపు, అన్నీ అక్కడే తేలిపోతాయి. దుకాణం కూడా పక్కనే ఉంటుంది.

మైపాడుగేటు_సైకిల్ (నెల్లూరు)

పాస్‌పోర్టు చూశాం అక్కా, ఏప్రిల్‌లో అయిపోతోంది. రేపే అప్లై చేస్తున్నాం. చివరిగా ఒకటి, పాప మధ్యాహ్నం ట్రైలర్‌లో నిద్రపోయాక ఆపేసి నీడలో ఉంచాలా, తొక్కుతూనే ఉండాలా?

వేదాయపాళెం_అక్క

తొక్కుతూనే ఉండండి. ఆపితే ఐదు నిమిషాల్లో లేస్తుంది. నునుపు తారు ఉన్న ముక్క ఆ వేళకి పడేట్టు చూసుకోండి, కంకర బాట అయితే వద్దు. పట్టీలు బిగించే ఉంచండి, మెడ పక్కన చిన్న తువ్వాలు చుట్టి పెట్టండి. ఒకరు ముందు, ట్రైలర్ లాగేవాళ్లు వెనక కాదు, ట్రైలర్ ముందు, రెండోవాళ్లు దాని వెనక. లోపల పాప కనిపించేది వాళ్లకే.